పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: తలాంతు ఎవరి కోసం?

ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగింటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాము. కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల నుండి ఒకరికొకరు తెలియని నలుగురు రాసినవే అయినా, దేవుడిచ్చిన వరాన్ని ఎవరి కోసం, ఏ మనసుతో వాడాలన్న ప్రశ్న దగ్గరికే నాలుగూ వచ్చి ఆగుతున్నాయి. రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసివేసి, ఉత్తరాలను కొంత కుదించాము.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పదహారేళ్లుగా మా మందిరంలో ఆరాధనకు పాట ఎత్తేది నేనే. సంగీతం నాకు ఎవరూ నేర్పలేదు, మా అమ్మ పాడగా విని నేర్చుకున్నాను. పోయిన సంవత్సరం పట్నంలో సంగీతం చదువుకున్న అమ్మాయి ఒకరు మా ఊరికి కోడలిగా వచ్చారు. క్రిస్మస్‌కు ముందు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా మైకు ఆమెకిచ్చారు. ఆమె బాగా పాడుతుంది, ఆ విషయంలో అబద్ధం చెప్పను. అప్పటి నుండి నేను వెనక వరుసలో కూర్చుని పెదవులు కదుపుతున్నానే గాని గొంతు రావడం లేదు. దేవుడిచ్చిన తలాంతును భూమిలో పాతిపెడుతున్నావని మా ఆయన అంటున్నారు. నీది ఒట్టి గర్వమని మా ఆడబిడ్డ అంటోంది. ఎవరి మాట నిజం?

జవాబు: సోదరీ, ఆమె బాగా పాడుతుందని మీరే రాశారు. ఒట్టి గర్వం ఉన్నవారి కలం నుండి ఆ వాక్యం రాదు కాబట్టి మీ ఆడబిడ్డగారి తీర్పును మేము ఒప్పుకోలేము. మీ భర్తగారి మాటను మాత్రం కొంచెం విప్పి చూడాలి.

తలాంతు అనే మాట మన సంఘాలలో పాటకు, వాద్యానికి, బోధకు ఉన్న నేర్పుకు పేరైపోయింది గాని, మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు ఆ ఉపమానం చెప్పిననాటికి అది డబ్బును తూచే కొలత. ఒక యజమాని ప్రయాణమై పోతూ ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించాడు, మూడోవాడు తనకిచ్చిన ఒక్కదాన్ని భూమిలో పాతిపెట్టాడు అన్నది ఆ కథ. ఒక తలాంతు అంటే సుమారు 6000 దేనారములు. ఒక దేనారము ఒక కూలివాని దినకూలి అని అదే సువార్త 20వ అధ్యాయం వల్ల తెలుస్తుంది. విశ్రాంతి దినాలు తీసివేసి లెక్క కడితే, దాదాపు 20 ఏళ్ల కష్టానికి వచ్చే సొమ్ము. పాపం ఒక్కటే దొరికింది అని మనం జాలిపడే ఆ మూడో దాసుని చేతిలో సగం జీవితపు సంపాదన ఉన్నదన్నమాట. దాన్ని ఎందుకు పాతిపెట్టాడో అతడే చెప్పుకున్నాడు: యజమాని కఠినుడని భయపడ్డాడట. మీకు దేవుని మీద అటువంటి అనుమానమేదీ ఉన్నట్టు ఉత్తరంలో కనిపించలేదు. మీకు నొప్పి కలిగింది మనుషుల వల్ల. ఆ దాసుని పక్కన మిమ్మల్ని నిలబెట్టడం న్యాయం అనిపించుకోదు. అయితే ఆ ఉపమానంలోని ముగ్గురూ మరిచిపోకూడనిది ఒకటుంది, సొమ్ము యజమానిది. పదహారేళ్లు మీ గొంతులో ఉన్నది కూడా ఆయన సొమ్మే. గొంతు సంగతే అలా ఉన్నప్పుడు మైకు ముందున్న ఆ మూడడుగుల చోటు మన సొంతమని ఎలా అనుకోగలము?

ఇప్పుడు కొరింథుకు పోదాము. అపొస్తలుడైన పౌలు ఆ గ్రీకు పట్టణంలో ఏడాదిన్నర ఉండి బోధించాడు. తరువాత ఎఫెసు నుండి కొరింథువారికి మొదటి పత్రిక (ఉత్తరం) రాసే సమయానికి అక్కడి సంఘం వరాల విషయంలో పోటీలు పడుతోంది. భాషలతో, అంటే ఆత్మ ప్రేరణతో తాము నేర్చుకోని భాషలలో మాట్లాడేవారు తమదే గొప్ప వరమని అనుకుంటున్నారు, ఆ వరం లేనివారు సంఘమనే శరీరంలో తాము అవయవాలమే కామేమోనని కుంగిపోతున్నారు. 12వ అధ్యాయమంతా ఈ తగవు గురించే. 14వ అధ్యాయం కూడా అదే తగవును కొనసాగిస్తుంది. ఆ రెంటి నడుమ 13వ అధ్యాయం ఉంది. మనం దాన్ని ఎక్కువగా వినేది పెళ్లిళ్లలో గనుక అది వధూవరుల కోసం రాసినదన్న భ్రమ మనలో చాలామందికి ఉన్నది. నిజానికది ఒక పాటల బృందంలోనో, సంఘపు కమిటీలోనో తగవు వచ్చినప్పుడు చదువుకోవలసిన అధ్యాయం. పెళ్లిలో చదివితే తప్పని అనడం లేదు, అక్కడ కూడా పనికివస్తుంది.

ప్రేమ లేకపోతే నేను మ్రోగెడు కంచును, గణగణలాడు తాళమును అని పౌలు అన్నాడు. కొరింథు కంచుకు ఆనాడు లోకమంతటా పేరుండేది గనుక ఆ మాట అక్కడివారికి సూటిగానే తగిలి ఉంటుంది. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్నదని మనవారు చెప్పుకునే వేమన కూడా కంచు మోగినట్టు బంగారం మోగదని అన్నాడు కదా. ఇద్దరూ తట్టి చూపించిన లోహం ఒకటే గాని పౌలు ఇంకొక అడుగు ముందుకు వేశాడు: అల్పుల మాటలే గాక దేవదూతల భాష సైతం ప్రేమ లేనప్పుడు కంచు మోతే అవుతుందన్నాడు. అంటే వరం నిజమైనదే అయి ఉండి కూడా మోత మాత్రమే మిగలవచ్చు.

ఆ తరువాత వచ్చే వరుసలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి, గమనించండి. ప్రేమ మత్సరపడదు, డంబముగా ప్రవర్తింపదు. మొదటిది తనకంటే ఎక్కువ నేర్పు ఉన్నవారిని చూసేవారికి, రెండవది ఆ నేర్పు ఉన్నవారికి. మీ మందిరంలో వెనక వరుసకూ మైకు దగ్గరికీ ఒకే వచనం సరిపోతోంది. అదే వరుసలో "అమర్యాదగా నడువదు" అని కూడా ఉన్నది. పదహారేళ్లు సేవ చేసిన మనిషితో ముందుగా ఒక మాట చెప్పకుండా మార్పు చేయడం అమర్యాదే. పెద్దలు అలా చేసి ఉండకూడదని మా అభిప్రాయం. సంఘంలో తగ్గింపు అనే సుగుణాన్ని ఎప్పుడూ నొచ్చుకున్నవారికే బోధించి, నొప్పించినవారిని వదిలివేయడం మనకు అలవాటైపోయింది. మీరు మీ కాపరిగారి దగ్గరకు వెళ్లి, మీ ఆడబిడ్డకో పొరుగువారికో కాకుండా నేరుగా ఆయనకే, నాకు ముందుగా చెప్పి ఉంటే బాగుండేది అని ఒక్కసారి చెప్పండి. చెప్పడం పాపం కాదు. అపకారమును మనస్సులో ఉంచుకొనకుండా ఉండటానికి అది చాలాసార్లు మొదటి మెట్టు.

ఇక పాట సంగతి. ఆరాధనలో జరిగే సమస్తమూ క్షేమాభివృద్ధి కోసం జరగాలని 14వ అధ్యాయం చెబుతున్నది. మీ మందిరంలో ఎవరి క్షేమాభివృద్ధికి ఏమి కావాలో కాస్త చూడండి. చదువు రాని పెద్దవాళ్లు మీ సంఘంలో ఉండే ఉంటారు, వాళ్లకు కీర్తనలన్నీ కంఠతా వచ్చు. కొత్త రాగంలో ఎత్తితే నోరు కలపలేక ఊరుకుంటారు. మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి గాని మీ ఊరివాళ్లు ఆ పాటను ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఏ పుస్తకంలోనూ ఉండదు. మీ అమ్మగారి దగ్గర నుండి మీకు వచ్చింది అదే. ఆ అమ్మాయికి సంగీతం వచ్చు, మీ ఊరి పాట రాదు. ఆమెను ఒక సాయంత్రం ఇంటికి పిలిచి రెండు కీర్తనలు మీ అమ్మగారి పద్ధతిలో నేర్పండి. ఆమె దగ్గర మీరు శ్రుతి గురించి ఏదైనా అడిగి తెలుసుకోండి. ఆమె కోడలిగా కొత్త ఊరికి వచ్చిన పిల్ల. అందరూ తనను మెచ్చుకుంటుంటే వెనక వరుసలో మౌనంగా ఉన్న మీ ముఖం ఆమెకు కనిపించడం లేదని అనుకోకండి. మొదటి రోజు గొంతు పెగలకపోతే బలవంతం చేసుకోవద్దు. మంచం పట్టిన ఎవరి ఇంట్లోనైనా ప్రార్థనకు వెళ్లినప్పుడు, మైకు లేనిచోట, ముందు అక్కడ పాడి చూడండి.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి విరమించాను, అనంతపురంలో ఉంటాను. మా సంఘపు కానుకల లెక్క నేను చూస్తాను. ప్రసంగీకులకు, పాడేవారికి శాలువాలు కప్పుతారు, లెక్కలు రాసేవానిని ఎవరూ తలచుకోరు. అది పోనివ్వండి. పేదల నిధి నుండి తీసిన కొంత డబ్బుకు రసీదు లేదని సమావేశంలో అడిగితే, "లెక్కలున్నాయి గాని ప్రేమ లేదు" అని నన్నే అన్నారు. లెక్క రాయడం ఆత్మవరమేనా? ప్రేమ ఉంటే అడగకుండా ఊరుకోవాలా?

జవాబు: అయ్యా, రెండవ ప్రశ్నకు ముందుగా జవాబు: ఊరుకోకూడదు. ప్రేమ "సత్యమునందు సంతోషించును" అన్న మాట కూడా ఆ 13వ అధ్యాయంలోనిదే. దాన్ని వదిలివేసి మిగిలిన వచనాలను మాత్రమే మీ ముందు చదివితే అది వాక్యాన్ని పక్షపాతంతో చదవడమవుతుంది.

యెరూషలేములోని పేదల కోసం పౌలు సంఘాల దగ్గర చందా పోగుచేసినప్పుడు ఎంత జాగ్రత్త పడ్డాడో చూడండి. కొరింథువారు ఎవరిని యోగ్యులని ఎంచుతారో వారి చేతనే ఉత్తరాలతో ఆ సొమ్ము పంపుతానని మొదటి పత్రిక 16వ అధ్యాయంలో రాశాడు. రెండవ పత్రిక 8వ అధ్యాయంలో తన జతపనివాడైన తీతుతోపాటు మరి ఇద్దరు సహోదరులను పంపుతూ, ఈ ధర్మకార్యం విషయంలో ఎవరూ తమను నిందించకుండా ఉండటానికే అలా చేస్తున్నామని, ప్రభువు దృష్టిలోనే గాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని వివరించాడు. యేసు శిష్యులు పన్నెండుమందిలో డబ్బు సంచి మోసినవాడు ఆయనను పట్టించిన యూదాయే కదా అని సమావేశాల్లో ఎవరో ఒకరు వేళాకోళంగా అంటూనే ఉంటారు. పౌలు ఆ సంగతి వేళాకోళంగా తీసుకున్నట్టు లేదు, సంచిని ఒక్కరి చేతికి ఇవ్వలేదు.

మొదటి ప్రశ్నకు వద్దాము. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12:28లో వరాల పట్టికలో "ప్రభుత్వములు చేయువారు" అని ఉన్నది. గ్రీకులో ఆ మాట ఓడకు చుక్కాని పట్టడానికి సంబంధించినది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడను నడిపినవానికి వాడిన మాట కూడా దాని కుటుంబంలోనిదే. ఇటు ఒకటి అటు ఒకటి రెండు రేవులున్న కొరింథులో ఆ పోలిక పిల్లలకు కూడా అర్థమై ఉంటుంది. ఓడలో చుక్కాని పట్టేవానిని ఎవరూ మెచ్చుకోరు, ఓడ బండకు తగిలినప్పుడే అతడు గుర్తుకువస్తాడు. మీ శాలువా సంగతి కూడా అంతే, మీరే పోనివ్వమన్నారు గనుక మేమూ పోనిస్తాము. అరణ్యంలో ఇశ్రాయేలీయుల ఆరాధన కోసం ప్రత్యక్ష గుడారం కట్టవలసి వచ్చినప్పుడు దేవుడు తన ఆత్మతో నింపానని పేరు పెట్టి చెప్పింది బెసలేలు అనే పనివానిని గురించి అని నిర్గమకాండము 31వ అధ్యాయం చెబుతున్నది. అతడు బంగారము, వెండి, ఇత్తడి, రాయి, కర్రలతో పనిచేసేవాడు.

అయితే అయ్యా, ఒక విషయం మీతో నిష్ఠూరంగానైనా అనక తప్పదు. రసీదు గురించి నలుగురిలో అడగడానికి ముందు ఆ డబ్బు తీసినవారిని ఒంటరిగా అడిగారా? ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు. నీ సహోదరుడు తప్పు చేస్తే నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని మత్తయి 18:15లో ప్రభువు చెప్పిన క్రమాన్ని బ్యాంకు ఆడిటు క్రమంతో కలిపివేయకూడదు. మీరు నలభై రూపాయల తేడాకు నలభై నిమిషాలు వెదికే అలవాటున్నవారు. ఆ అలవాటు సంఘానికి వరమే. వేరుశనక్కాయలు కొట్టే కూలి నుండి పది రూపాయలు తీసి సంచిలో వేసే తల్లి తన పది రూపాయలు ఎక్కడికి పోయాయో తానై అడగలేదు గనుక, ఆమె తరఫున అడగవలసినవారు మీరే. ఆ తల్లి కోసమే అడుగుతున్నామా, మన లెక్క సరిపోలేదన్న చిరాకుతో అడుగుతున్నామా అన్నది మాట్లాడే గొంతును బట్టి వినేవారికి తెలిసిపోతుంది. మూడు నెలలకొకసారి జమాఖర్చులు మందిరంలో చదివి వినిపించే పద్ధతి మొదలుపెట్టమని అడగండి. అలా చదివేటప్పుడు మొత్తాలే గాక పేదల నిధి నుండి ఎన్ని ఇళ్లకు బియ్యం పోయాయో, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టారో కూడా, పేర్లు లేకుండా చెప్పండి. అప్పుడు లెక్కల పుస్తకంలో ప్రేమ ఉన్నదో లేదో వాదించవలసిన అవసరం ఉండదు.

ప్రశ్న: జమ్మలమడుగు ప్రాంతం నుండి రాస్తున్నాను. స్వస్థత వరం ఉన్నదని చెప్పే ఒకరు మా ఊరికి వచ్చి, ప్రత్యేక ప్రార్థనకు ఇంత అని తీసుకుంటున్నారు. మా అమ్మగారికి చక్కెర వ్యాధి. మందులు వాడితే విశ్వాసం లేనట్టే అని కూడా అన్నారు. ఆయన నిజంగానే వరం పొందినవారైతే మేము కాదన్నందుకు దోషమా?

జవాబు: దోషం లేదు. మందులు ఒక్క పూట కూడా ఆపవద్దు. ఇప్పటికే ఆపి ఉంటే ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లండి.

రోగులను స్వస్థపరచుడి అని పన్నెండుమందిని పంపినప్పుడే, "ఉచితముగా పొందితిరి, ఉచితముగా ఇయ్యుడి" అని ప్రభువు అన్నట్టు మత్తయి 10:8లో ఉన్నది. రెండు మాటలూ ఒకే వచనంలోనివి, మొదటిది ఉంచుకుని రెండవది వదలడం కుదరదు. పౌలు చేత దేవుడు అద్భుతాలు చేయించాడు, అయినా తన సహచరులలో రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చానని ఆయనే రాశాడు, తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకు ఏమి పుచ్చుకోవాలో చెప్పాడు, ప్రియమైన వైద్యుడని లూకాను పిలిచాడు. మీ విశ్వాసం చాలలేదని వారిలో ఎవరినీ నిందించలేదు. లండన్ మిషన్ వారు మీ జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రిని నెలకొల్పినది కూడా క్రీస్తు ప్రేమ పేరుతోనే. మాత్రలు మింగే మీ అమ్మగారి తల మీద చేయి ఉంచి ప్రార్థించడానికి మీ సంఘంలోనే డబ్బు అడగనివారు ఉంటారు, వారిని ఇంటికి పిలవండి.

ప్రశ్న: నాకు ఇరవై నాలుగేళ్లు, ఆదోని దగ్గర ఊరు. యౌవనస్థుల కూడికలో "నీ వరం ఏది" అని ఒక ఫారం ఇచ్చి నలభై ప్రశ్నలకు జవాబులు రాయమన్నారు. నాకు పాడటం రాదు, నలుగురిలో నిలబడి ప్రార్థన చేయాలంటే కాళ్లు వణుకుతాయి. చివరికి నాది ఏ వరమూ తేలలేదు, ఆ గడి ఖాళీగా ఇచ్చాను. అందరూ ఏదో ఒకటి రాశారు. ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయింది. ఇంటి పని, అప్పుడప్పుడు కూలి పని, మా పక్కింటి అవ్వను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవడం, వీధిలో ఎవరికైనా బ్యాంకు కాగితాలు రాసిపెట్టడం, ఇంతే నా జీవితం. దేవుడు నన్ను మరిచిపోయాడా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర మేము ఆగిపోయాము. అది ఏదో తరువాత చెబుతాము.

కొత్త నిబంధనలో వరాల పట్టికలు రోమీయులకు 12లో, మొదటి కొరింథీయులకు 12లో, ఎఫెసీయులకు 4లో ఉన్నాయి. మొదటి పేతురు 4లో క్లుప్తంగా వాక్కు, ఉపచారం అని రెండే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండూ సరిగ్గా కలవవు. ఒకదానిలో ఉన్నది మరొకదానిలో ఉండదు. ఆ అపొస్తలులే పూర్తి జాబితా ఇవ్వాలని అనుకోనప్పుడు, నలభై ప్రశ్నల కాగితంలో మీ పేరు తేలకపోవడం పెద్ద విషయంగా తీసుకోకండి. అటువంటి ఫారాలు వద్దని అనము, కొందరికి అవి సాయపడతాయి. వాటిలో మాకు కనిపించే లోపమల్లా ఒకటే, అవి "నాకు ఏది ఇష్టం, నాకు ఏది వచ్చు" అని అడుగుతాయి గాని "నా పక్కనున్నవారికి ఏది తక్కువైంది" అని అడగవు. పేతురు ఆ వరాలను ఒకనికొకడు ఉపచారం చేసుకోవడానికే పొందామని రాశాడు గనుక, వెదకడం ఆ రెండవ ప్రశ్న నుండి మొదలుపెడితే మేలు.

యొప్పే పట్టణంలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఉన్నది. ఆమె వరమేమిటని వారిని అడిగి ఉంటే పేరు చెప్పలేకపోయేవారేమో, ఒంటిమీదున్న గుడ్డనే చూపించారు.

ఇప్పుడు ఆ వాక్యం. పక్కింటి అవ్వను కర్నూలుకు తీసుకుపోతానని మీరు ఇంటి పనికీ కూలి పనికీ నడుమ, లెక్కలోకి రానిదన్నట్టు రాశారు. ఆదోని నుండి, ఆలూరు, పత్తికొండ వైపు పల్లెల నుండి తెల్లవారకముందే బస్సెక్కి ఆ ఆసుపత్రికి వచ్చేవారిలో చదువు రాని ముసలివాళ్లు ఎందరో ఉంటారు. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో, రక్తపరీక్ష ఏ గదిలోనో, రిపోర్టు ఎన్ని గంటలకు ఇస్తారో బోర్డులు చదివి చెప్పే మనిషి పక్కనుంటే వాళ్లకు ఆ రోజు సగం రోగం తగ్గినట్టుంటుంది. కొరింథు పత్రికలో చుక్కాని మాటకు ముందే "ఉపకారములు చేయువారు" అన్న మాట ఉన్నది, అద్భుతాలతో, స్వస్థతలతో అదే వరుసలో. రోమా పత్రికలో "కరుణించువాడు సంతోషముతోను" చేయాలని ఉన్నది. సంతోషంతో అని ప్రత్యేకంగా ఎందుకు చెప్పవలసి వచ్చిందో రోగితో రోజంతా వరుసలో నిలబడినవారికి తెలుస్తుంది. ఆ పని చేస్తూ మధ్యాహ్నానికి మనకే విసుగు పుడుతుంది, ఆ విసుగు ముందు అవ్వకే కనిపిస్తుంది. వేదిక మీద ప్రార్థించేటప్పుడు వణికే మీ కాళ్లు ఆ వరుసలో వణకలేదు కదా.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇటువంటి మనిషి దొరికిందని తెలిస్తే వీధి వీధంతా మీ మీద వాలవచ్చు; ఆడపిల్ల కూలి పోయినా పరవాలేదని మీ సంఘమే అనుకోవచ్చు. మీ కాపరిగారితో గాని స్త్రీల సమాజం పెద్దలతో గాని మాట్లాడి, మీతోపాటు ఇంకొకరిని జతచేయమని, బస్సు ఖర్చులు సంఘం నుండి ఇప్పించమని అడగండి. ఇది అడగడం వల్ల మీ ప్రేమకు తక్కువేమీ రాదు. కాదంటే ఈ పేజీ చూపించండి.

అవ్వను మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చీటీ చూసి, ఆ రోజుకు వేరే పని ఒప్పుకోకండి. ఫారంలో ఖాళీగా ఉన్న గడి సంగతి తిరిగి వచ్చాక చూసుకోవచ్చు.